ఆకుపచ్చ కారు, పక్కన ట్రాక్టరు

నిన్న మధ్యాహ్నం అన్నం తిని కాసేపు నడుం వాలుద్దామనుకునేసరికి మా తమ్ముడి అల్లుడు ఫోన్ చేశాడు. పిల్లవాడు మంచివాడే గాని ఒకచోట కుదురుగా ఉండే రకం కాదు. మొన్నటిదాకా కుక్కపిల్లలు, ఇప్పుడు పాత కార్లు. కడపలో ఎవరింట్లోనో వాళ్ల తాతల నాటి కారు అమ్మకానికి ఉందట, కొనే ముందు ఏమేం చూసుకోవాలో చెప్పమన్నాడు. నాకు స్కూటీ నడపడం కూడా చేతకాదు, నన్నెందుకు అడుగుతున్నావయ్యా అంటే, "మీ ఇంట్లో ఒకసారి ఇట్లాంటి పాత కారు కోసం అన్నీ చూసినారంట గదా పెద్దమ్మా, మామ చెప్పినాడు" అన్నాడు. సరే, గుర్తున్నంత వరకూ చెప్పాను. కాగితాలు ఎవరి పేరు మీదున్నాయో చూసుకో. కాగితంలో ఉన్న నంబరూ బండి మీద కొట్టిన నంబరూ ఒకటేనా చూసుకో. స్టార్ట్ చేయకముందు బానెట్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కాదని నువ్వు రాకముందే వేడి చేసి పెట్టారన్నమాట. కాళ్ల కింద పట్టా ఎత్తి తుప్పు చూడు. స్పేరు సామాను యాడ దొరుకుతుందో, బండిని యాడ నిలబెడతావో ముందే ఆలోచించుకో. పిల్లవాడు సంతోషపడి ఫోన్ పెట్టేశాడు. నాకు మాత్రం నిద్ర ఎగిరిపోయింది. లేచి నీళ్లు తాగాను, మిద్దె మీదికి వెళ్లి ఇంకా ఆరని బట్టలు తడిమి చూసి దిగివచ్చాను, మళ్లీ ఎక్కాను. చెప్పాల్సింది ఒకటి చెప్పలేదని లోపల ఒకటే పీకులాట.

నేను కమలాపురంలో బడిపంతులు కూతుర్ని. ప్రొద్దుటూరులో బట్టల కొట్టు వాళ్లింటికి కోడలిగా వచ్చాను. మా పుట్టింట్లో ఏదైనా బాగుంటే అక్కడికక్కడే బాగుందనేవాళ్లం. అత్తగారింట్లో ఆ మాట వస్తువు కొని, ఇంటికి తెచ్చి, తలుపు వేసుకున్నాక అనాల్సిన మాట. పెళ్లైన కొత్తలో గాజులామె వచ్చి అరుగు మీద బుట్ట దించితే, ఎర్ర గాజులు చూసి నేను "అబ్బా, ఎంత బాగుండాయో!" అనేశాను. మా అత్త నన్ను వంటింట్లోకి పిలిచింది. "నచ్చినదాన్ని ముట్టుకోవద్దు మే. దాని పక్కదాన్ని ముట్టుకో. మొగంలో ఏం కనపడనీయొద్దు" అంది. అని ఊరుకోలేదు, బయటికొచ్చి చేసి చూపించింది. పచ్చ గాజుల మీద చెయ్యి వేసి, ఇవేంది ఇట్లా వెలిసిపోయినట్టుండాయని పెదవి విరిచి, కాసేపు ఊరి కబుర్లు చెప్పి, చివర్లో దయతలచినట్టు ఆ ఎర్ర గాజులు తీసుకుంది. కొట్టులో మా మామ కూడా అంతే, ఆయన తర్వాత మా ఆయనా అంతే. సరుకు తెచ్చేవాళ్లకు ఈ ఆట తెలుసు కాబట్టి ఎవరూ మనసుకు పట్టించుకునేవాళ్లు కాదు. తిట్టిన సరుకునే మూటలు మూటలు దించుకుని, ఇద్దరూ నవ్వుకుంటూ కాఫీ తాగేవాళ్లు.

కరోనాకు రెండు మూడేళ్ల ముందు, అప్పటికి మా మామ పోయి చాలాకాలమైంది. మా అత్త పొద్దున పూట కొట్టులో ఒక మూల స్టూలు మీద కూచుని, విప్పిన చీరలు మడతపెట్టేది. ఒకరోజు పులివెందుల నుంచి పెళ్లి బట్టలకు వచ్చినవాళ్లు మాటల్లో మాటగా ఒక సంగతి చెప్పారు. వేములలో రాళ్ల గనులు నడిపిన తమ ఊరి పెద్దాయన పోయాడనీ, కొడుకు షెడ్డు ఖాళీ చేస్తూ ఒక పాత విలాయతీ కారు అమ్మకానికి పెట్టాడనీ. ఆకుపచ్చ రంగుదట, ఎప్పుడో జమ్మలమడుగులో ఒక బట్టల వ్యాపారి దగ్గర కొన్నదట. మా అత్త మడతపెట్టిన చీరను విప్పింది, మళ్లీ మడతపెట్టింది, మళ్లీ విప్పింది. ఆ రోజు సాయంత్రం వరకూ కొట్టు నుంచి ఇంట్లోకి, ఇంట్లోంచి వీధి గుమ్మంలోకి తిరుగుతూనే ఉంది. దీపం పెట్టాక మా ఆయన ముందుకొచ్చి నిలబడి, "ఆ కారు నాకు కావాల" అంది.

ఆ ఇంట్లో ఆమె నోట "కావాల" అనే మాట నేను అదే మొదటిసారి వినడం. మా ఆయనకు కూడా అదే మొదలనుకుంటా, చేతిలో ముద్ద అట్లాగే ఆగిపోయింది. అప్పుడు చెప్పింది. జమ్మలమడుగు బట్టల వ్యాపారి అంటే వాళ్ల నాయనే. ఆయనకు మగపిల్లలు లేరు. తెల్లవారుజామున, జనం లేవకముందు, మైలవరం రోడ్డు మీద కూతురికి ఆ కారు నడపడం నేర్పాడట. కుచ్చిళ్లు ఎగదోపుకుని, దిండు వేసుకుని కూచుని, పెన్న మీది గాలి మొహానికి కొడుతుంటే నడిపేదట. ఆమెకు పెళ్లై ప్రొద్దుటూరు వచ్చేశాక ఆయనకు ఒంటరిగా ఆ కారెక్కబుద్ధి కాలేదు, అమ్మేశాడు. కొత్త కోడలు కారు నడుపుతుందంటే అత్తవాళ్లు ఏమంటారోనని ఈమె ఎవరికీ చెప్పలేదు. కొన్నాళ్లకు చెప్పాల్సిన అవసరమూ లేకపోయింది. డెబ్బైకి దగ్గరపడిన మనిషి, ఆ ముక్క చెప్పేటప్పుడు ఆమె కుడికాలి బొటనవేలు నేలను నొక్కుతూ ఉంది.

మా ఆయన చెడ్డవాడేం కాదు, కానీ వ్యాపారి. మా సందులో ఆటో రావాలంటేనే ఎదురుగా వచ్చే ఆవును బతిమాలుకోవాలి, కారెక్కడ పెడతావు అన్నాడు. చనిపోయినాయన పేరు మీదున్న బండిని మన పేరుకు మార్చడం ఎంత తిరుగుడో తెలుసా అన్నాడు. ఒక నట్టు ఊడితే మద్రాసుకు పోవాలన్నాడు. నడిపేదెవరు అని మాత్రం అడగలేదు, అడిగే ధైర్యం లేకపోయిందేమో. మా అత్త రెండు రోజులు అట్లాగే గుమ్మానికీ వంటింటికీ నడిచింది. పప్పులో ఒకపూట ఉప్పు లేదు, ఒకపూట రెండుసార్లు పడింది. మూడోనాడు మా ఆయన కొట్టు వ్యాను బాగుచేసే మెకానిక్కును పిలిచి, రేపు పులివెందులకు పోదాం, అక్కడ బండి బాగుందని పొరపాటున కూడా అనొద్దు, కనిపించిన వంకల్లా చెప్పు అని పాఠం చెప్పాడు. మా అత్తకు కూడా, "మా, నువ్వు మాత్రం మొగంలో ఏం చూపించొద్దు" అన్నాడు. ఈ విద్య నేర్పినామెకే పాఠం చెబుతున్నాడని నాకు నవ్వొచ్చింది. ఆమె మాత్రం బుద్ధిగా తలూపింది.

పులివెందులలో వాళ్లిల్లు చీనీ తోట అంచున, బత్తాయి చెట్ల నీడలో ఉంది. గనులాయన కొడుక్కి యాభై ఏళ్లుంటాయి. మేం వస్తున్నామని కారును తడిగుడ్డతో తుడిపించి ఉంచాడు. లోపలి నుంచి చీనీ రసం వచ్చింది. చిన్నప్పుడు వాళ్ల నాయన ఈ కారులోనే బడికి తీసుకుపోయేవాడనీ, ఇప్పుడు షెడ్డు తీసేస్తున్నాం కాబట్టి బాగా చూసుకునేవాళ్లకు ఇవ్వాలని ఉందనీ చెప్పాడు. మావాళ్లు ఆ మాటలు విన్నట్టే లేరు. మెకానిక్కు పట్టా ఎత్తి, తుప్పును వేలితో గీకి అందరికీ చూపించాడు. టైర్ల పగుళ్లు చూపించాడు, సీట్లలో ఎలుకలు కాపురం చేశాయన్నాడు. పాఠం మరీ ఒంటబట్టి, "ఇది పాత ఇనుప సామాన్లోడు కూడా ఆలోచించి కొనేదే" అని కూడా అన్నాడు. కొట్టు ముందు నిలబెడితే గిరాకీలు పారిపోతారని మా ఆయన వంత పాడాడు. ప్రతి మాటకూ ఆ ఇంటాయన ముఖం ఒక్కో రంగు తగ్గుతూ వచ్చింది. నేను మా అత్త కోసం చూశాను. షెడ్డులో కారు పక్కన టైర్లు లేని పాత ట్రాక్టరొకటి ఇటుకల మీద నిలబెట్టి ఉంది. ఆమె దాని మీద చెయ్యి పెట్టి నిలబడి ఉంది. కారు వైపు చూడను కూడా చూడలేదు.

ఆయన మావాళ్లను వదిలేసి ఆమె దగ్గరికొచ్చాడు. "వీళ్ల మాటలట్లుండనీమ్మా. పెద్దదానివి, నువ్వు చెప్పు. ఎట్లుండాది బండి?" అన్నాడు. మనిషి మంచితనం కళ్లలో కనిపిస్తూనే ఉంది, ఒక్క మంచి మాట చాలు ఆయనకు. చెప్పు అత్తా, చెప్పు అని నేను లోపల్లోపల గింజుకున్నాను. మా అత్త పెదవి విరిచింది. "ఏముందిలే నాయనా, పాత ఇనుము. పిల్లోళ్లు ముచ్చటపడినారని వస్తి" అంది. అదేమీ ఆలోచించి అన్న మాట కాదు. తుమ్ము వచ్చినట్టు వచ్చేసింది. ఆయన పక్కనున్న టార్పాలిన్ తీసి కారు మీద కప్పాడు. "అయితే వద్దులేమ్మా. ఇంత చెడ్డ బండి మీకు అంటగట్టి నేనేం బాగుపడతా? రసం తాగి పోండి" అన్నాడు.

తిరుగు దారిలో మా ఆయన మహా హుషారుగా ఉన్నాడు. అదంతా బేరంలో ఒక ఎత్తనీ, రెండు రోజుల్లో ఆయనే ఫోన్ చేస్తాడనీ అన్నాడు. ఫోన్ రాలేదు. మనమే చేద్దామంటే, ముందు చేసినవాడు ఓడిపోయినట్టే అంటాడు. ఎవరి ఫోన్ మోగినా మా అత్త వంటింట్లోంచి వచ్చి నిలబడేది, కొట్టు ఫోనని తెలిసి వెళ్లిపోయేది. కొట్టులో విప్పిన చీరలు మడతపడకుండా గుట్టగా ఉండిపోయేవి. నాకు మా ఆయన మీద కోపం, ఆమె మీద జాలి, అంతలోనే ఆమె మీద కూడా కోపం. ఆ వారమంతా ఇంట్లో ఎవరం ఒకచోట స్థిమితంగా కూచున్నది లేదు. చివరికొక పొద్దున ఆమె తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని నా దగ్గరికొచ్చింది. "పోదాం పా, మనిద్దరమే. వానికి చెప్పొద్దు" అంది.

ముద్దనూరు మీదుగా పోయే బస్సెక్కాం. డ్రైవరు బ్రేకు వేసినప్పుడల్లా ఆమె కాలు కూడా బస్సు అడుగును గట్టిగా తొక్కుతోంది. ఆ ఇంటి ముందు దిగేసరికి గేటు దగ్గర ఒక లారీ, దాని వెనక వాలుగా వేసిన పలకలు, వాకిట్లో ఎండకు మెరుస్తూ ఆకుపచ్చ కారు. బెంగళూరు నుంచి వచ్చిన ఒకాయన తాళ్లు సర్దుకుంటున్నాడు. మా అత్త ఎవరినీ పలకరించలేదు. నేరుగా వెళ్లి కారు బానెట్ మీద రెండు చేతులూ ఆనించింది. "ఇది మా నాయన కారప్పా. పెండ్లి కాకముందు నేను నడిపినా దీన్ని. శానా బాగుండాది. ఆ పొద్దు నీకు అబద్ధం చెప్పినా" అని అందరి ముందూ అనేసింది. గనులాయన కొడుకు తలపట్టుకున్నాడు. "ఎంత పని చేస్తివమ్మా! ఆ పొద్దే ఈ మాట అనింటే ఊరికే ఇచ్చేసింటి గదా. ఈయనకు మాట ఇచ్చేసినానే! కారు చూడంగానే కండ్లనీళ్లు పెట్టుకున్నాడు, కాదనలేకపోతి" అన్నాడు.

బెంగళూరాయనకు తెలుగు అంతంతమాత్రమే. సంగతి అర్థమయ్యాక తాళంచెవి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఎవరో దిండు తెచ్చారు. ఆమె కుచ్చిళ్లు ఎగదోపుకుని ఎక్కింది. మొదట ఒక కుదుపు కుదిపి ఆగిపోయింది. నేను కళ్లు మూసుకున్నాను. మళ్లీ చప్పుడైతే తెరిచాను. ఆకుపచ్చ కారు మెల్లగా కదిలి, గడ్డివామి పక్క నుంచి, షెడ్డు ముందు నుంచి, ట్రాక్టరును దాటుకుని వాకిలంతా చుట్టి వచ్చింది. స్టీరింగు పైన ఆమె నుదురూ కళ్లూ తప్ప ఏమీ కనబడటం లేదు. ఆ కళ్లలో ఏముందో దాచుకోవాలని ఆమెకు తోచలేదు. నేను ఆ ఇంట్లో అన్నేళ్లున్నానా, ఆమె ముఖం నిజంగా చూసింది ఆ రోజే. లారీ పలకల ముందు తిన్నగా తెచ్చి ఆపి, దిగి, తాళంచెవి ఇచ్చేసింది. వచ్చేటప్పుడు బస్సులో నేను ఏడుస్తూనే ఉన్నాను. ఆమె మాత్రం వేరుశనక్కాయలు వలుచుకుని తింటూ, "క్లచ్చు శానా మెత్తగా పెట్టినారు, మా నాయనప్పుడు ఇట్లా లేదు" అంది.

ఆ తర్వాత కూరగాయల బండి వస్తే ధర అడగకముందే "వంకాయలు శానా బాగుండాయప్పా" అనేది. బండివాడు మొదట భయపడ్డాడు, తర్వాత ధర పెంచాడు, ఆ తర్వాత ఎందుకో తనే మంచివి ఏరి పెట్టడం మొదలుపెట్టాడు. మా ఆయన తల బాదుకునేవాడు. ఆమె పోయేదాకా ఆ అలవాటు మానలేదు.

ఇదంతా తలుచుకుంటూ మిద్దె ఎక్కి దిగి, ఇక తట్టుకోలేక సాయంత్రం నేనే ఆ పిల్లవాడికి ఫోన్ చేశాను. తుప్పూ కాగితాలూ చూసుకో, కానీ నచ్చితే నచ్చిందని ఆ మనిషితో అక్కడే చెప్పేయి అన్నాను. "అట్లా చెప్తే రేటు పెంచుతాడు గదా పెద్దమ్మా?" అన్నాడు. పెంచితే పెంచనీ నాయనా అన్నాను. మా అత్తకు ఆ ఒక్క మాట నోట్లోంచి రావడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది, వచ్చేసరికి ఆమెకు మిగిలింది వాకిట్లో ఒక్క చుట్టు.