కోర్టు లేచేదాకా

శ్రీకాళహస్తిలో స్వర్ణముఖి ఇసుక మీద బట్టలకు కాపుండడం ఆదిలక్ష్మమ్మ పని. కలంకారీ వేసేవాళ్లు కోరాగుడ్డను కరక్కాయ పొడి కలిపిన బర్రెపాలలో ముంచి ఏట్లో ఆరబెట్టేవారు. ఆ పాల వాసనకు ఊళ్లో ఆవులన్నీ ఏటికి దిగేవి. ఒక్కసారి నాకితే ఆ చోట రంగు సరిగా పట్టదు. అందుకని ఆమె కానుగ బరికె పట్టుకుని, పైట నెత్తిన వేసుకుని ఎండంతా అక్కడే కూర్చునేది. పొద్దున రాగానే గుడి గోపురం వైపు తిరిగి దణ్ణం పెట్టుకునేది. మొగుడు పోయి చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు. బరికె చేతిలో ఉండేదే కానీ ఏ ఆవునూ కొట్టి ఎరగదు. "పోవే తల్లీ, నీకు గడ్డి కరువైందా, గుడ్డ కావాల్సొచ్చిందా?" అని బతిమాలేది.

రంగుబట్టలు ఉతికేవాళ్లలో జైనబ్ బీ ఒకతె. కూతురు గుల్జారును చంకనేసుకుని వచ్చేది. రాగానే బిడ్డను ఆదిలక్ష్మమ్మ ఒళ్లో దించి, కొంగు బిగించి నీళ్ల వైపు పోయేది. చూస్తూ ఉండమని ఏ రోజూ నోరు తెరిచి అడగలేదు. ఈమె సరే అని అననూ లేదు.

"ఏం అవ్వా, నా బిడ్డకు గూడా బరికె సూపిస్తాండావా?"

"నీ బిడ్డ ఆవుకంటే మొండిది. ఆవైనా చెబితే ఇంటాది."

"నీ ఒంటికీ పాల వాసన పట్టిందిలే. అందుకే నిన్ను ఇడవదు."

జైనబ్ తెచ్చిన రొట్టెలో సగం అవ్వది. అవ్వ తెచ్చిన సంగటిలో మెత్తటి భాగం బిడ్డది. అట్లా రెండేళ్లు గడిచాయి.

డెబ్బై ఎనిమిది ఎండాకాలంలో ఏరు బాగా ఎండిపోయింది. ఉన్న పాయలో నీళ్లు చాలక, ఉతికేవాళ్లు ఇసుకలో లోతుగా చెలమలు తవ్వుకున్నారు. ఒక మధ్యాహ్నం ఆదిలక్ష్మమ్మ గుల్జారును తుండుగుడ్డ కట్టిన నీడలో కూర్చోబెట్టి, ఆడుకోవడానికి ఆలిచిప్పలు ఇచ్చింది. అంతలో ఒక ఆవు, దాని దూడ కొత్త గుడ్డల మీదికి వచ్చాయి. అదిలిస్తే ఆవు పోయింది, దూడ పోలేదు. అటు తరిమితే ఇటు, ఇటు తరిమితే అటు. ఆమెకు నవ్వు కూడా వచ్చింది. దాన్ని గట్టెక్కించి వెనక్కి తిరిగేసరికి నీడలో ఆలిచిప్పలు మాత్రమే ఉన్నాయి.

బిడ్డ దగ్గరి చెలమలో దొరికింది. అప్పటికే ప్రాణం లేదు. గుడ్డల మీద ఒక్క మరక కూడా పడలేదు.

సాయంత్రం పోలీసులు వచ్చారు. జైనబ్‌కు స్పృహ లేదు.

"బిడ్డ ఎవురి కాపుదలలో ఉన్నింది?" అని అడిగాడు హెడ్డు కానిస్టేబులు.

"నా కాపుదలేనయ్యా" అంది ఆదిలక్ష్మమ్మ.

అజాగ్రత్త వల్ల ప్రాణం పోయిందని ఆమె మీద కేసు రాశారు.

ఆమె తరఫున నిలబడిన ప్లీడరు శాంతయ్య మంచివాడు. "నిన్ను పెట్టుకునింది బట్టలకమ్మా. బిడ్డను నీకెవురూ అప్పజెప్పలే. ఆ మాట ఒక్కటి నిలబడితే చాలు. నువ్వు నోరు మెదపాకు, మెదిపితే జైలే" అన్నాడు. ఆమెకు జైలంటే భయమే. ఆ గోపురం కనపడని చోట ఎట్లా తెల్లవారుతుందో ఆమెకు తెలియదు.

విచారణ నాడు జైనబ్‌ను పిలిచారు.

"బిడ్డను ఈమెకు అప్పజెప్పి పోయినావా?" అన్నాడు మెజిస్ట్రేటు.

జైనబ్ ఆదిలక్ష్మమ్మ వైపు చూడలేదు. "లేదు దొరా. అవ్వ బట్టలకు కాపుండాది. బిడ్డను నేనే ఆడ ఇడిసిపెట్టి పోయినాను. తప్పు నాదే."

శాంతయ్య ఊపిరి పీల్చుకున్నాడు. తనను కాపాడడానికే ఆ మాట అన్నదని ఆదిలక్ష్మమ్మకు అర్థమైంది. అయినా ఒళ్లో నిద్రపోయిన బిడ్డ తనకేమీ కాదని పదిమందిలో తేలిపోతున్నట్లు, కన్నతల్లి నెత్తినే నింద పడుతున్నట్లు అనిపించి ఊరుకోలేకపోయింది. శాంతయ్య చెయ్యెత్తి వద్దంటున్నా లేచింది.

"అది నిజం గాదు సామీ. నోటితో చెప్పలే. దినామూ నా ఒళ్లో పెట్టి పోయేది. అప్పజెప్పడమంటే ఇంగెట్లుంటాది? నేను బట్టల్ని సూసుకున్నాను. బిడ్డను సూసుకోలే."

మెజిస్ట్రేటు చాలాసేపు రాసుకున్నాడు. ఆమె వయసూ, తానుగా ఒప్పుకోవడమూ తలచి, కోర్టు లేచేదాకా అక్కడే కూర్చోవడం శిక్ష అని చెప్పాడు.

"బతికిపోయినావమ్మా, సాయంత్రం దాకానే" అన్నాడు శాంతయ్య.

బల్ల ఖాళీగా ఉన్నా ఆమె గోడవార నేల మీద కూర్చుంది. ఎవరివో గట్టు తగాదాలు పిలుస్తున్నారు. బంట్రోతు అడక్కుండానే చెంబుతో నీళ్లు తెచ్చి పెట్టాడు. మధ్యాహ్నం జైనబ్ వచ్చి పక్కన కూర్చుని, కొంగులోని రొట్టె రెండుగా తుంచింది.

"నా మాట ఎందుకు పోగొట్టినావవ్వా?"

"నీ మాట నిలబడితే, బిడ్డ నాకేమీ గాకుండా పోతాది గదమ్మా."

రొట్టె ఇద్దరి చేతుల్లోనూ అట్లాగే ఉండిపోయింది.

సాయంత్రం మెజిస్ట్రేటు లేచాడు. అందరూ లేచారు, ఆమె తప్ప.

"అయిపోయిందమ్మా, ఇంటికి పో" అన్నాడు బంట్రోతు.

"ఇంతేనా నాయనా?"

జైనబే చెయ్యి పట్టుకుని లేపింది.

ఆ మర్నాడు మొదలు బతికినన్నాళ్లూ, పొద్దు వాలితే ఆదిలక్ష్మమ్మ చెలమలన్నింటినీ చేతులతో ఇసుక తోసి పూడ్చి ఇంటికి పోయేది. తెల్లవారి ఉతికేవాళ్లు మళ్లీ తవ్వుకునేవారు. ఇదేం పని అవ్వా అని ఒక్కరూ ఏనాడూ అనలేదు.