మా యారాలు లారీకి రంగు వేసిన ఎండకాలం

మా యారాలు పోయిందని పొద్దున్నే పక్కింటి ఫోనుకు కబురు వచ్చింది. చేసింది బావే. "మీ అక్క పోయిందమ్మా" అన్నాడు. నిద్రలోనే పోయిందట. నేను నల్గొండ నుంచి బస్సెక్కి హుజూర్‌నగర్ చేరేసరికి ఎండ నెత్తి మీదికొచ్చింది, వాకిలి నిండా జనం ఉన్నారు.

యారాలంటే తోడికోడలు, ఆమె నా భర్తకు వదినె. నేను మాత్రం ఆ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచి అక్కా అనే పిలిచాను. నిలబడే అన్నం తినేది. బర్రెతోనూ, పొయ్యితోనూ, తలుపు గొళ్ళెంతోనూ మనుషులతో మాట్లాడినట్టే మాట్లాడేది. ఏ కష్టం చెప్పుకున్నా "చూద్దాం తియ్యి" అనేది. ఆ మాటకు అర్థం వదిలేద్దామని కాదు. ఆలోచన మొదలుపెట్టిందని. అది తెలియడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఆ రోజు వచ్చిన ఆడవాళ్ళంతా ఆమె పెట్టిన పచ్చళ్ళ గురించి, చేసిన పురుళ్ళ గురించి చెప్పుకున్నారు. నాకు మాత్రం లారీయే గుర్తొచ్చింది.

ఎనభైల చివరి మాట, అప్పుడు అందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. బావకు ఒక పాత లారీ ఉండేది. ఆ చుట్టుపక్కల వడ్లు మిర్యాలగూడ మిల్లులకు వేసేవాడు. ఒక వానాకాలం లారీ జారి కాలువ గట్టు కింద పడింది. ప్రాణం దక్కింది కానీ ఎడమ మోకాలు నుజ్జయింది. దవాఖాన నుంచి వచ్చాక ఆ కాలు వంగలేదు. క్లచ్ తొక్కలేని మనిషి ఇక బండి నడపలేడు. లారీని గుంజుకొచ్చి వాకిట్లో నిలబెట్టారు. బావ మంచం వసారాలో వేస్తే, "అటు తిప్పుండ్రి" అన్నాడు. లారీ కంట పడకుండా గోడవైపు తిప్పించుకున్నాడు.

రెండు వానాకాలాలు లారీ అట్లాగే నానింది. తలుపుల అడుగున, మట్‌గార్డుల అంచున తుప్పు తినేసింది. మా వైపు దాన్ని జంగు అంటారు. బావ కూడా అట్లాగే అయ్యాడు. నీళ్ళు కావాలంటే నీళ్ళు అనేవాడు, అంతే. పిల్లలు పక్కన కూర్చుని పాఠాలు చదివినా ముఖం తిప్పేవాడు కాదు.

ఒకరోజు మా ఆయన పాత ఇనుము కొనేవాణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. "అన్నా, ఇంకా పాడుగాకముందే అమ్మేద్దామా?" అని అడిగాడు.

"మీ ఇష్టం" అన్నాడు బావ గోడకే.

అక్క ఆ వచ్చినతనికి చాయ్ ఇచ్చింది. "ఎండకాలం ఎల్లనియ్యి అన్నా, చూద్దాం తియ్యి" అని పంపేసింది. వంటింట్లోకి వచ్చి నా పక్కన కూర్చుని, "గా లారీ పోతే గీ మనిషి గూడ దక్కడు చెల్లె" అంది.

ఆ వారమే బజారుకు పోయి నీలం రంగు డబ్బా, బ్రష్ తెచ్చింది. తెల్లవారగానే కొంగు బిగించి, తలుపు మీద జంగు కనిపించిన చోటల్లా నీలం పూయడం మొదలుపెట్టింది. రంగు వాసన వసారాలోకి వెళ్ళింది.

"ఏం వాసనే అది?" మంచం మీది నుంచి బావ.

"రంగు."

"దేనికి?"

"లారీకి."

మంచం కిర్రుమంది. తర్వాత, "జంగు గీకినవా?"

"గీకుడెందుకు? మీదికెల్లి ఏస్తే కనవడదు గద!"

"నీకు బుద్ధున్నదా!" వాకిలి అదిరేలా అరిచాడు బావ. "జంగు మీద రంగేస్తే లోపల్లోపల తింటనే ఉంటది. ఒక్క వానకు పొక్కులు లేస్తది. తెల్లగ ఇనుము కనవడేదాక గీకాలె!"

"నాకేం ఎరుక? జెప్పెటోడు గోడను జూసుకుంట పండుకునె!"

"మంచం ఇటు తిప్పుండ్రి" అన్నాడు బావ.

మేమిద్దరం చెరో వైపు పట్టుకుని తిప్పాం. ఎత్తుతుంటే అక్క నా వైపు చూడనేలేదు.

ఆ ఎండకాలమంతా మాకు అదే పని. పొద్దున నీడ ఉన్నంతసేపు ఇనుప బ్రష్‌తో, గరుకు కాగితంతో గీకేవాళ్ళం. ఎర్రటి పొడి రాలి చేతులకు, వెంట్రుకలకు పట్టేది. గ్యాస్‌నూనెలో, అదే కిరసనాయిల్లో, ముంచిన గుడ్డతో తుడిచి, తడి లేకుండా ఆరబెట్టి, నీలానికి ముందు అడుగు పూతగా ఎర్ర రంగు అస్తరు వేసేవాళ్ళం. తుప్పు తినేసి పొక్క పడిన చోట నూనె డబ్బా రేకు కత్తిరించి అతికించాం. బావ మంచం మీది నుంచే తిట్టేవాడు. "గాలి లేస్తాంది, ఆపుండ్రి, దుమ్ము వడ్తది!" "అంత మందం గాదు, పల్చగ, పల్చగ!" గుంటలు పూడ్చడానికి మేం పెట్టిన లప్పం ముద్ద గడ్డలు గడ్డలుగా ఉందని ఒకరోజు ఊరుకోలేకపోయాడు. చంక కర్ర పట్టుకుని తనే దిగొచ్చాడు. తలుపుకు ఆనుకుని నిలబడి, బొటనవేలితో లప్పం నున్నగా అదిమాడు. అక్క ఇంట్లోకి పోయి చాలాసేపు బయటికి రాలేదు.

కొత్త నీలం పాత నీలంతో కలవలేదు. లారీ అంతా మచ్చలు మచ్చలుగా కనిపించింది. నాకు దిగులేసింది. అక్క మాత్రం నవ్వింది. "కనవడితే కనవడనీ చెల్లె. బాగైన జాగనే గద అది" అంది.

ఒక సాయంత్రం ఇద్దరం చేతుల రంగు కడుక్కుంటున్నాం. ఉండబట్టలేక అడిగాను. "అక్కా, ప్రతి దసరాకు బావ లారీ గీకి రంగేస్తుంటే పక్కన్నే ఉంటివి. నిజంగనే నీకు తెల్వదా?"

"తెల్వదనే ఉండనియ్యి. తెలుసని జెప్తే మల్ల మంచం తిప్పమంటడు" అంది అక్క, గోళ్ళలో ఎరుపు తోముకుంటూ.

ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. మొన్న అంతా అయిపోయాక బావ పక్కన కూర్చున్నప్పుడు ఆయనే ఎత్తాడు. "లారీకి జంగు మీద రంగేసింది యాదికున్నదా అమ్మా?"

"ఉన్నది బావా."

"దానికి అన్ని ఎరుకే. నాతోని తిట్టిచ్చుకోవాలనే ఏసింది. నాకూ ఎరుకే. మనసార తిట్టిన." ఆయన కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. "ఎరుకే అని దానికి ఒక్కనాడన్న జెప్పకపోతి."

ఆ లారీ తర్వాత చాలా ఏళ్ళు తిరిగింది. మెకానిక్‌తో ఇంజన్ బాగుచేయించి, డ్రైవర్‌ను పెట్టుకుని, పక్క సీట్లో కాలు చాపుకుని కూర్చుని బావే లోడ్లు చూసుకున్నాడు. పిల్లల చదువులు దానిమీదే గడిచాయి.

లారీ మళ్ళీ మొదటిసారి కదిలిన పొద్దు నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టే ఉంది. ఇంజన్ పొగకు మేమంతా దగ్గుతున్నాం. బావ కిటికీలోంచి చేయి బయటపెట్టి తలుపును రెండుసార్లు తట్టాడు. బండి మలుపు తిరిగి కనపడకుండా పోయింది. పిల్లలు దాని వెంట ఉరికారు. అక్క వెళ్ళలేదు. ఇన్నాళ్ళూ లారీ నిలబడ్డ చోట, గడ్డి మొలవని ఆ బోడి నేల మధ్యకు నడిచి వెళ్ళింది. నాలుగు దిక్కులా తిరిగి చూసింది.

"చెల్లె, మన వాకిట్ల ఇంత జాగ ఉండెనా?" అని, ఎండలో అట్లాగే నిలబడింది.