మరకల మాస్టారు

"...గోడ అంత తెల్లగా ఉంటే ఆ కుర్రాడు ర్యాప్ ఎందుకు కడతాడు, జోలపాటలు పాడుకుంటాడు గానీ," అంటోంది ఎడిటరు, గాజు తలుపు వెనక.

"గోడ తెల్లగా ఉంది కాబట్టి తెల్లగా పడింది మేడమ్. నేను ఫోటో తీశాను, సున్నం వెయ్యలేదు," అన్నాడు ఫోటోగ్రాఫరు.

"చదివేవాళ్ళు నమ్మాలిగా."

బయట కంప్యూటరు ముందున్న మరకల మాస్టారికి అన్నీ వినపడుతున్నాయి. ఇంకో రెండు నిమిషాల్లో తనకు పిలుపొస్తుందని కూడా తెలుసు. ఆ గోడ ఆయన అక్క ఇంటిది. ఆ కుర్రాడు ఆయన మేనల్లుడు.

మాస్టారు ఒకప్పుడు దుకాణాలకు బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సులు వచ్చి బ్రష్షుకు పని లేకుండా పోయాక, ముప్పై ఆరో ఏట కుర్రాళ్ళ పక్కన కూర్చుని కంప్యూటరు నేర్చుకున్నాడు. ఆ ఏడాదంతా అక్క ఇంట్లోనే తిన్నాడు. అప్పటికే బావ పోయి, అక్క ఇస్త్రీ పెట్టె మీద ఇల్లు నడుపుతోంది. ఒక్కపూట కూడా ఎత్తిపొడవలేదు. తర్వాత ఈ హిప్ హాప్ పత్రికలో అట్టబొమ్మ పని దొరికింది. పదకొండేళ్ళయింది.

పత్రిక ఎవరికోసమో ఆయనకు మొదటి ఏడాదే అర్థమైంది. పాటలు కట్టేవాళ్ళు ఇరుకు సందుల్లోంచి వచ్చినవాళ్ళే. కొనేవాళ్ళు మాత్రం వాళ్ళు కారు. చందాదారుల చిరునామాలు చూస్తే చాలావరకు లిఫ్టులున్న భవనాలు, ఖరీదైన కాలేజీల హాస్టళ్ళు. వాళ్ళు మధ్య పేజీ పోస్టరు తీసి తమ గదిలో అంటించుకుంటారు. పోస్టరులో గోడ తమ గోడలా ఉంటే ఎందుకు అంటించుకుంటారు? ఆయన దుకాణాల దగ్గర నిలబడి చూశాడు. పత్రిక చేతిలోకి తీసుకున్న కుర్రాడు ముందు బూట్లు చూస్తాడు, తర్వాత కళ్ళు, ఆ తర్వాత వెనక గోడ. గోడ దగ్గర ఆగాడంటే కొన్నట్టే.

అందుకని ఆయన కంప్యూటర్లో "మరకలు" అని ఒక ఫోల్డరు ఉంది. చెమ్మ, నాచు, పెచ్చులూడిన సిమెంటు, పొగచూరిన మూల, తుప్పునీళ్ళ చార, అన్నీ కలిపి నాలుగు వందల పైచిలుకు. సెలవు రోజుల్లో పాత గిడ్డంగులూ బస్సు షెడ్లూ తిరిగి ఫోటోలు తీసి పోగుచేశాడు. ఆఫీసులో ఆ పేరు అలా వచ్చింది. ఎవరి ఇల్లు ఎంత శుభ్రంగా ఉన్నా మాస్టారి చేతిలో పడితే గంటలో పాడుబడిపోతుందని జోకులేసేవారు. అట్ట మీద పత్రిక పేరు కింద "ఇందులో కల్తీ లేదు" అనే వాక్యం కూడా ఆయన చేతిరాతే.

ఎడిటరు పిలిచి, "మీ వాళ్ళని తెలుసు మాస్టారూ. ఇబ్బందనుకుంటే బయటివాళ్ళకి ఇస్తాను," అంది.

బయటివాళ్ళు మోటుగా చేస్తారు. ఆయనకు ముందుగా తట్టింది అదే.

ఫోటో కోసమే అక్క ఆ గోడకు కొత్తగా రంగు వేయించింది. మామూలుగానే ఏడాదికి రెండుసార్లు వేయిస్తుంది. తొమ్మిదేళ్ళుగా ఒక ఆస్పత్రి నర్సుల యూనిఫాములు ఇస్త్రీకి ఆమె దగ్గరికే వస్తున్నాయి. తెల్లబట్ట గోడకు తగిలినా ఏమీ అంటకూడదు. రోజూ పని మొదలెట్టే ముందు తెల్లగుడ్డతో గోడ రుద్ది చూసుకునేది. అదే గోడ మీద మాస్టారు ఓ మధ్యాహ్నం కంప్యూటరు ముందు కూర్చుని కిటికీ కిందనుంచి చెమ్మ పాకించాడు, మూలలో పెచ్చులూడగొట్టాడు. ఫోటోలో పక్కన అలమరలో నీలం అంచు యూనిఫాముల దొంతర ఉంది. తీసేద్దామని మొదట అనుకున్నాడు. పక్కన తెలుపు ఉంటేనే మరక నల్లగా కనిపిస్తుంది. ఉంచేశాడు. అచ్చు తీసి ఆఫీసు గోడకు అంటించి, అలవాటు ప్రకారం పది అడుగులు వెనక్కి నడిచి చూశాడు. చూపు తిన్నగా మరక మీదికే పోయింది. పదకొండేళ్ళలో అంత బాగా కుదిరిన అట్ట లేదు.

సంచిక రెండుసార్లు అచ్చేశారు. ఆ గోడ చూసి ఏడుపొచ్చిందనీ, బతుకంటే ఇదీ అనీ ఉత్తరాలు వచ్చాయి. ఎడిటరు కొన్ని పైకి చదివింది. మేనల్లుడికి వరసగా ప్రోగ్రాములు వచ్చాయి.

మూడో వారం ఆస్పత్రి సూపర్‌వైజరు యూనిఫాములు పంపడం ఆపేశాడు. ఎవరో నర్సు కొడుకు ఆ పత్రిక కొన్నాడు, నీలం అంచు చూసి ఆ నర్సు గుర్తుపట్టింది. అలాంటి గదిలో ఇస్త్రీ చేసిన బట్టలు మేం తొడుక్కోమన్నారట అందరూ. ఒకసారి వచ్చి గోడ చూసుకోండి బాబూ అని అక్క బతిమాలితే, వీలు చూసుకుని వస్తానన్నాడు. రాలేదు.

మాస్టారు వెళ్ళేసరికి అక్క ఖాళీ బల్ల మీద దుప్పటి సవరిస్తోంది.

"ఆ మరక ఎక్కడిదిరా?" అని అడిగింది.

"పాత గిడ్డంగి గోడది."

"బాగా పెట్టావు. నేనే లేచి తడిమి చూసుకున్నాను."

అక్క తిట్టి ఉంటే బాగుండేదని దారంతా అనుకున్నాడు. మర్నాడు ఎడిటరు దగ్గరికి వెళ్ళి, గోడ అసలు శుభ్రంగానే ఉందని, మరకలు తాము పెట్టినవేనని ఆస్పత్రికి ఒక ఉత్తరం రాసిమ్మన్నాడు. ఆమె కోప్పడలేదు. కల్తీ లేదని అట్ట మీద రాసింది మీరే కదండీ, అంది. మేనల్లుణ్ణి అడిగితే వాడు కాస్త నసిగి, "ఉత్తరం వద్దు మావయ్యా. గోడ అబద్ధమని తెలిస్తే నా పాటలో ఇంకేం అబద్ధాలున్నాయో వెతుకుతారు. అమ్మకి నేనున్నాగా," అన్నాడు. వాడి పాట నిండా అమ్మే. తెల్లారకుండా లేచే అమ్మ, కాలిన వేళ్ళ అమ్మ.

అంతలో పత్రికవాళ్ళు పోటీ పెట్టారు. గెలిచిన పదిమందిని ఆదివారం ఆ ఇంటికి తీసుకెళ్తారు, గోడ ముందు కుర్రాడితో ఫోటో. గోడ మాత్రం అట్టలో ఉన్నట్టే ఉండాలి. ఎడిటరు మాస్టారి ముఖం చూడకుండా, మీరు పూర్వం బ్రష్షు పనే కదా చేసేవారు, అంది.

గురువారం సాయంత్రం ఆయన అటక మీది పెట్టెలోంచి పాత బ్రష్షులు తీసి, మేనల్లుడి వెంట అక్క ఇంటికి వెళ్ళాడు. వాటి వెంట్రుకలు కర్రల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. అక్క పక్కింటివాళ్ళ చొక్కా ఒకటి ఇస్త్రీ చేస్తోంది. ఆదివారం జనం వస్తారని ముందే చెప్పి ఉంచిన కొడుకే, ఇప్పుడు గోడకు మరకలు వెయ్యాలన్న సంగతీ చెప్పాడు. ఒక్క పూట ఓర్చుకుంటే చాలన్నాడు. సోమవారం నేనే మళ్ళీ తెల్లరంగు వేసిస్తానక్కా, అన్నాడు మాస్టారు.

అక్క చొక్కా కాలరు రెండువైపులా లాగి చూసుకుని మడత పెట్టింది. ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, తెల్లగుడ్డ తీసుకుని కిటికీ కింద గోడంతా ఒకసారి రుద్దింది. గుడ్డ తిప్పి ఇద్దరికీ చూపించింది.

"ఆదివారం వాళ్ళని రమ్మనండి. గోడ ఇలాగే ఉంటుంది," అంది. "ఆ సూపర్‌వైజరు గారిని కూడా అదే టైముకి రమ్మన్నాను, వస్తానన్నాడు. ఫోటోలో మరకలు ఎక్కడివని ఎవరైనా అడిగితే, మా తమ్ముడు పెట్టాడని నేనే చెబుతాను."