తెడ్డుకు టికెట్ కొట్టించి చోడవరం వెళ్ళాం

గాజువాకలో మా మేనత్త ఉండే రెండో అంతస్తు బాల్కనీలో మనిషికన్నా పొడవైన చెక్క తెడ్డు ఒకటి ఉండేది. ఒకప్పుడు రావికమతం దగ్గర మా మావయ్య దానితోనే చెరకు పాకం కలిపి బెల్లం వండేవాడు. ఆయన పోయాక కొడుకు దగ్గరికి వస్తూ అత్త సామానంతా అక్కడే వదిలేసి దీన్నొక్కదాన్నీ తెచ్చుకుంది. కోడలు మంచిదే కానీ, తెడ్డు మీద తువ్వాళ్ళు ఆరేసేది. అత్త ఏమీ అనేది కాదు, ఆ పూట కాఫీ మాత్రం ముట్టేది కాదు. ఇప్పుడు వాళ్ళు ఇంకా చిన్న ఇంటికి మారుతున్నారు. తెడ్డుకు చోటు లేదు. చోడవరంలో చిన్న మ్యూజియం ఉందనీ, నెలకో ఆదివారం ఊరి చరిత్ర గురించి స్థానికులతోనే మాట్లాడిస్తారనీ, ఈసారి విషయం బెల్లమనీ తెలిసి నేనే ఫోన్ చేశాను. తెడ్డు తీసుకుంటామన్నారు, దాని గురించి అత్తనే నాలుగు మాటలు చెప్పమన్నారు. "పొయ్యిలో కట్టె అయిపోకుండా ఉంటే అదే సాలు బాబూ" అంది అత్త.

ఆ ఆదివారం పొద్దున్న ఏడింటికి బయల్దేరాం. నేరుగా వెళ్ళే బస్సు కోసం కాళ్ళు పీకేలా నిలబడేకన్నా అనకాపల్లిలో మారడం మేలు. అక్కణ్ణుంచి చోడవరం గంటలోపే. ఆడవాళ్ళకు ఉచితం కాబట్టి కండక్టరు అత్త చేతిలో జీరో టికెట్ పెట్టి, సీట్ల మధ్య పడుకున్న తెడ్డు వైపు చూశాడు.

"మామ్మా, నీకు ఫ్రీయే గానీ దీనికి లగేజీ కొట్టాల."

"కొట్టు నాయనా. నానెలాగూ ఊరికే తిరుగుతన్నాను, అదైనా డబ్బులిచ్చి తిరగనీ."

చుట్టుపక్కల వాళ్ళంతా నవ్వారు. డబ్బులిచ్చింది నేను. కిటికీలోంచి రెండువైపులా కోతకొచ్చిన చెరకు కనిపిస్తుంటే అత్త అటూ ఇటూ తల తిప్పి చూస్తూ కూర్చుంది.

మ్యూజియం అంటే బాగుచేసిన పెంకుటిల్లు, రెండు గదులు. ప్రవేశ రుసుము లేదు. చూసుకునేది రిటైరైన తెలుగు మాస్టారు. తూనిక రాళ్ళు, ధాన్యం కొలిచే కుంచాలు, బండి చక్రం వరసగా పెట్టారు. తెడ్డు కోసం గోడకు అప్పటికే మేకులు కొట్టి, కింద చీటీ అంటించే చోటు కూడా చూసి ఉంచారు. పదిన్నరకు ప్లాస్టిక్ కుర్చీలు నిండాయి. అత్త లేచి నిలబడి చాలాసేపు కొంగు సర్దుకుంది.

"నాకు సెప్పడం రాదు. ఆయన పాకం తిప్పీవోడు, నాను పొయ్యిలోకి సెరుకు పిప్పి తోసీదాన్ని. పాకం పొంగుతాంటే నాకేసి సూసీవోడు, నాను మంట తగ్గించీదాన్ని. మాటలుండీవి కావు. దారంట పోయే పిల్లలు ఆగితే మాత్రం ఆకులో ఇంత పాకమెయ్యకుండా పంపనిచ్చీవోడు కాదు."

వేసవి సెలవులకు ముందే ఏదో వంక పెట్టి ఆ ఆకు కోసం పరిగెత్తుకొచ్చిన పిల్లల్లో నేనూ ఉన్నాను. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

వెనక వరసలోంచి రోలుగుంట దగ్గరి రైతు ఒకాయన లేచాడు. "మామ్మా, మా గానుగ ఇంకా నడుస్తంది. ఇలాటి కర్ర ఇప్పుడెక్కడా దొరకట్లేదు. గోడకి ఏలాడదీసే బదులు నాకియ్యి. తిప్పుతాను."

మాస్టారికి నచ్చలేదు. "ఇక్కడుంటే వందేళ్ళుంటుంది. పాకం కాచే మీ పెనంలో పెడితే అరిగిపోతుంది" అన్నారు. నేనూ ఆయన పక్షమే. అత్త చెవిలో అదే చెప్పాను. బెల్లం వండుతూ ఎవరో దాన్ని విరగ్గొడితే ఆవిడ తట్టుకోలేదని నా భయం.

అత్త తెడ్డు అంచును అరచేత్తో తడిమింది. "అరిగితే అరగనీండి మాస్టారూ. ఆయనా అలాగే అరిగిపోయేడు" అంది. తర్వాత రైతు వైపు తిరిగింది. "సెరుకు కోతల్లో నీది. వంటలయ్యేక కడిగి తెచ్చి ఇక్కడెట్టాల. మల్లీ యేడు మల్లీ పట్టికెల్లు."

అతను రెండు చేతులా అందుకున్నాడు. మాస్టారు ఖాళీ మేకుల వైపు చూసి, "మరి ఈ చీటీలో ఏం రాయమంటారమ్మా?" అని అడిగారు.

"ఆయన కోసం ఎవులైనా ఇంటికొస్తే నానేటి సెప్పీదాన్నో అదే రాయండి. పన్లోకెల్లేడని."

ఆయన రాసి పైకి చదివారు: "పనిలోకి వెళ్ళింది."

"ఎల్లింది కాదు మాస్టారూ. ఎల్లేడు."

జీవితమంతా పిల్లల వ్యాకరణం దిద్దిన మనిషి. అయినా కొట్టేసి, అత్త అన్నట్టే రాశారు.

తిరుగు బస్సులో అత్త ఏడుస్తుందేమోనని చూశాను. కిటికీకి తల ఆనించి అనకాపల్లి దాకా హాయిగా నిద్రపోయింది. పాత వస్తువును భద్రంగా దాచిపెట్టడమే దాని మీద ప్రేమ అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. అత్త ప్రేమ వేరే తీరుది, నాకింకా పూర్తిగా అలవడలేదు. మీరు వెళ్ళదలిస్తే ముందు ఫోన్ చేసి, మాటలుండే ఆదివారం ఏదో కనుక్కోండి. చలికాలమైతే ఆ మేకులు ఖాళీగా ఉంటాయి. చీటీ చదివి, రోలుగుంట వైపు షేర్ ఆటో ఎక్కి, బెల్లం వాసన వచ్చిన చోట దిగిపోండి. ఆయన అక్కడే ఉంటాడు.