తాడు రెండో కొస

మా పక్కింటి మావ పోయాడు. పాలవాడు ఎంతసేపు కొట్టినా తలుపు తియ్యలేదట. రెండు రోజులుగా గోడ అవతల దగ్గు వినబడకపోయినా నేను లేచి చూడలేదు. నా బుద్ధి మండిపోనూ!

మీలో కొందరు ఆయన్ని ఖిదిర్‌పూర్ కాలవ వంతెన మీద చూసే ఉంటారు. పరీక్షకి కాలవ నీళ్లు పట్టుకెళ్లే మునిసిపాలిటీ ఉద్యోగం. కొత్త కోడలిగా వాట్‌గంజ్ వచ్చిన నేను బజారు నుంచి తిరిగొస్తుంటే, "కోడలా, ఈ కొస పట్టుకో," అని తాడు అందించేవాడు. రెండో కొసకి సీసా. ముందు ఆ నీళ్లతోనే మూడుసార్లు తొలిచి పారబోసేవాడు.

"మురికినీళ్లకి మడేటి మావా?" అని నవ్వేదాన్ని.

"నిన్నటి నీళ్లు మిగిలితే ఇయ్యాల్టి మాట అబద్ధమైపోద్దమ్మా."

పోటు మీద, గంగ నీళ్లు కాలవలోకి ఎక్కే వేళ, సీసా దించేవాడు కాదు. "అప్పుడు గంగొచ్చి కడిగేత్తాది. ఎవులి పాపం ఎవులిదో నీళ్లు ఎనక్కి తీసే పాటులోనే తెలుత్తాది," అనేవాడు. గట్టు మీద పశువుల కొట్టాలు, రంగుల కార్ఖానా, చెత్తగుట్ట, అన్నీ సీసాతో ఆఫీసుకిచ్చే కాగితం వెనక రాసేవాడు. ముందువైపు వాటికి గడి లేదు మరి.

ఒక ఏడు మా సందు మరుగుదొడ్లు కూడా రాశాడు. అవన్నీ కాలవలోకే పోయేవి. ఆఫీసువాళ్లొచ్చి పడగొట్టారు. కొత్తవి కట్టేసరికి రెండు వానాకాలాలు గడిచాయి. మొదటి వానాకాలం నేను నిండు గర్భిణిని. తెల్లారకుండానే ఆడవాళ్లమంతా మరుగు కోసం ఓడల డాక్ దాకా నడిచేవాళ్లం. ఒళ్లు మండి అందరిముందూ అడిగేశాను: "నీ దొడ్డి రాయలేదేటి?"

"నాదే ముందు రాసేను కోడలా."

నిజమే, మొదట పడగొట్టింది ఆయనదే. అయినా ఎవరు వింటారు? ఎర్రజెండా క్లబ్బు కుర్రాళ్లు ఆఫీసు దలాల్, వాళ్ల తొత్తు అన్నారు. సందులో ఆయనకి టీ ఇచ్చేవాళ్లు లేకపోయారు. నేను తాడు పట్టడం మానేశాను. అప్పట్నుంచి ఆ కొసని వంతెన కమ్మీకి కట్టి, తాడు అక్కడే ఉంచేసేవాడు.

కొత్త దొడ్లు వచ్చాయి. మా సందు కింద కాలవ వాసన కొంత తగ్గింది. కొట్టాల దగ్గర మాత్రం అదే నలుపు. అప్పటికి నా కోపమూ పోయింది గానీ, పలకరించడానికి మొహం చెల్లలేదు. రేపు, రేపు అనుకుంటూ ఏళ్లు గడిపేశాను. రిటైరయ్యాక కూడా ఆయన పాటు వేళకి సీసా పట్టుకుని ఒక్కడే వెళ్లేవాడు.

దినం మర్నాడు వంతెన మీదికి వెళ్లాను. కింద పాటు తీస్తోంది. తాడు ఎవరో కోసుకుపోయారు, కమ్మీకి ముడి మాత్రం ఉంది. నేను పట్టుకోవలసిన కొస అది. విప్పబోయాను. రాలేదు.