మిరపమడికి పడని కోడలు

మొన్న ఆదివారం మా కింది వాటాలో అద్దెకుంటున్న అమ్మాయి మేడ మెట్ల చివరి దాకా వచ్చి, డాబా మీద అడుగు పెట్టకుండా అక్కడే నిలబడి, నాలుగు పచ్చిమిరపకాయలు కోసి ఇస్తారా అని అడిగింది. నా మిరప కుండీలు ఆ అమ్మాయికి చేతికందేంత దూరంలోనే ఉన్నాయి. నువ్వే కోసుకోవమ్మా అన్నాను. "ఈ రెండ్రోజులూ నేను మొక్కల దగ్గరికి రాకూడదండీ, మాడిపోతాయట" అంది, వాన పడుతోంది గొడుగు పట్టుకెళ్ళండి అన్నంత మామూలుగా. బ్యాంకులో ఉద్యోగం చేస్తుంది ఆ పిల్ల. పొద్దున్నే స్కూటీ వేసుకుని వెళ్ళి, పదిమంది డబ్బుకి పూచీ పడి, సాయంత్రం ఇంటికొస్తుంది. ఆమె ముట్టుకుంటే డబ్బు మాడదు, మిరపమొక్క మాడుతుంది. కాయలు కోసి ఇచ్చాను. ఇచ్చి లోపలికొచ్చాక ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్ల మీద కోపం కాదు. మా అప్ప ఇంట్లో ఒక మిరప పంటకాలమంతా కళ్ళముందు జరిగిన భాగోతం మళ్ళీ గుర్తొచ్చి మండింది.

అప్ప అంటే మా అక్క. సాలూరు పక్కన పల్లెలో ఉంటుంది. కొన్నేళ్ళ కిందట శ్రీకాకుళం బస్టాండులో బస్సు దిగుతూ జారి నేను కాలు విరగ్గొట్టుకున్నాను. మా ఆయనకి చారు పెట్టడం తప్ప ఇంకో వంట రాదు. ఆ చారు కూడా రోజుకో రుచిలో ఉంటుంది. సంగతి తెలిసి అప్ప కొడుకు చేత కారు పంపించి నన్ను తన ఇంటికి తీసుకుపోయింది. ఎముక మొదటిసారి సరిగ్గా అతకక మళ్ళీ కట్టు కట్టడంతో ఆషాఢంలో వెళ్ళినదాన్ని మార్గశిరం దాకా అక్కడే ఉండిపోయాను. పెరటి వసారాలో మంచం వేసి నన్ను పడుకోబెట్టారు. కదలలేని మనిషికి కళ్ళే కాళ్ళు. ఆ ఆరు నెలలూ నేను చూసిన లోకం ఆ పెరడే. వసారా మెట్టు దిగితే బోరు, దాని పక్కన మిరపమడి, మడికి అవతల, పెరటి చివర, స్నానాల గది. ఇవతల నుంచి అవతలికి వెళ్ళాలంటే మడి గట్టు మీదుగానే దారి. ఈ సంగతి గుర్తుంచుకోండి, కథంతా ఆ గట్టు మీదే ఉంది.

మడి అప్పది. చాకిరీ కోడలిది. అప్పకి మోకాళ్ళ నొప్పులు, వంగలేదు. పీట వేసుకుని కూర్చుని చెబుతుంది, కోడలు చేస్తుంది. అప్ప కొడుకు లారీ డ్రైవరు. లోడు దొరికితే ఒరిస్సా, రాయపూర్ వైపు పోతే పది పదిహేను రోజులు ఇంటి ముఖం చూడడు. కోడలిది కొత్తవలస. రైల్వే క్వార్టర్సులో పెరిగిన పిల్ల. పెళ్ళికి ముందు మట్టి తవ్వి ఎరగదు. అలాంటిది మా అప్ప చేతి కింద పడి రెండేళ్ళలో ఎంత పని నేర్చిందో! కిందటేడు పండుకాయలు ఎండబెట్టి దాచిన గింజలు తీసి, నారుమడి చేసి, చీమలు ఎత్తుకుపోకుండా పొయ్యి బూడిద చల్లి, పైన తాటాకు కప్పింది. రెండాకులు విచ్చుకున్నాక రోజూ పొద్దున్నే గిన్నెలో నీళ్ళు తెచ్చి వేళ్ళతో చిలకరించేది, పసిపిల్ల మొహం కడిగినట్టు. శ్రావణంలో ముసురు పట్టిన సాయంత్రం పూట నారు పీకి, బారులు తీసి నాటింది. నాటిన రాత్రి వాన గట్టిగా కురిస్తే, తెల్లారేసరికి గొడుగేసుకుని వెళ్ళి ఒరిగిన మొక్కలన్నీ మళ్ళీ నిలబెట్టి మొదట్లో మట్టి అదిమింది. కలుపు తీసింది, పేడ ఎరువు వేసింది, మొదళ్ళు తవ్వి మట్టి ఎగదోసింది. తడిమట్టి వాసన, లేత మిరపాకు వాసన కలిసి నా మంచం దాకా వచ్చేవి. అప్ప పీట మీద నుంచి, మన అమ్మ చేతి వాసి నాకొచ్చింది సూడు అని మురిసిపోయేది. వాసి సంగతేమో గానీ, మట్టి మాత్రం కోడలి గోళ్ళలో ఉండేది.

నెలకి మూడ్రోజులు మాత్రం ఆ పిల్ల పెరట్లోకి రాకూడదు. మడి గట్టు తొక్కకూడదు, నీడ కూడా పడకూడదు. మరి స్నానాల గది పెరట్లోనే ఉంది కదా అంటారేమో. దానికి అప్ప ఇంటి వాళ్ళు ఎప్పుడో ఉపాయం ఆలోచించి పెట్టారు. కోడలు వీధి గుమ్మంలోంచి బయటికి వెళ్ళి, పక్కింటి అరుగు దాటి, టీకొట్టు ముందునుంచి నడిచి, సందు తిరిగి, పశువుల శాల వెనక నుంచి పెరటి చివరి తలుపు తోసుకుని గదిలోకి పోవాలి. చేతిలో సబ్బుపెట్టె, భుజం మీద తువ్వాలు. వానైతే గొడుగు. అంటే ఆ పిల్లకి ఏ రోజు ఏమైందో వీధి వీధంతటికీ తెలుస్తుంది. టీకొట్టు దగ్గర మగాళ్ళు గ్లాసులు దించి చూసేవారట. మొదటి నెల అది చూసి నేను అప్పని నిలదీశాను. అప్ప నొచ్చుకుంది. తన అత్త తనని అలాగే తిప్పిందట, తనకేమైనా కొమ్ములు ఊడిపోయాయా అట. నాకు రోజూ ఒళ్ళు తుడిచి, అన్నం కలిపి పెట్టిన అక్క అది. మంచిది కాదని నేను అనలేను. అదే నాకు మరీ కోపం. చెడ్డవాళ్ళు చేసే చెడు ఒక ఎత్తు, ఇంత మంచి మనుషులు గోరుముద్దలు తినిపించే చేత్తోనే చేసేది ఇంకో ఎత్తు.

భాద్రపదం వెళ్ళేసరికి మడి తెల్లటి పూతతో చుక్కల చీర పరిచినట్టుంది. దసరా అయి, మంచు మొదలయ్యాక ముడత వచ్చింది. ముందు చిగురాకులు దోనెల్లా పైకి ముడుచుకున్నాయి, తర్వాత ఆకు గిడసబారింది, పూత రాలిపోయింది. అప్ప మడికి ముడత రావడం ఊరికంతటికీ వార్త. ఆ వార్త మొదట మోసుకుపోయింది పక్కింటి ముసలావిడ. అప్ప ఆవిడని వదిన అని పిలుస్తుంది. పొద్దున్నే వచ్చి మడి చుట్టూ ఒక చుట్టు తిరిగి, నడుం మీద చెయ్యేసుకుని, "ఇది తెగులు కాదమ్మా. ఎవులో దాటీసినారు" అంది.

ఎవులో అనడానికి ఆ ఇంట్లో ఎంతమంది ఉన్నారు? అప్ప కోడల్ని పిలిచింది. ఆ పిల్ల బియ్యం కడుగుతున్న చేతులతోనే వచ్చింది.

"నిజం సెప్పు. ఆ మూడ్రోజుల్ల ఒక్కపాలైనా ఇటు వచ్చినావా?"

"రాలేదత్తా."

"వాన పడిన రోజైనా?"

"రాలేదు. అందరూ సూసినారు కదా, వీధంట ఎల్లడం."

పక్కింటావిడ అప్పటికీ ఊరుకోలేదు. రాకపోతే మొక్క ఊరికే ముడుచుకుంటుందా అని అప్ప వైపు తిరిగి అంది. అప్పుడు ఆ పిల్ల ఒక ఆకు కోసి, తిరగేసి, ఫోను లైటు వేసి అప్ప కళ్ళముందు పెట్టింది. ఆకు అడుగున నలకల్లాంటి పురుగులు పచ్చగా పాకుతున్నాయి. నాకూ చూపించింది. అప్ప కళ్ళజోడు సర్దుకుని చూసింది, చూసి, ఆ పురుగులు మైల తగిలితేనే పుడతాయంది. నా జన్మలో అంత తేలిగ్గా ఒక మనిషిని ముద్దాయిని చేసిన మాట నేను వినలేదు. ఇక ఆగలేకపోయాను. పక్కింటావిడ మడికి మాకంటే ముందే ముడత వచ్చింది. మంచం మీద నుంచి గోడ మీదుగా నాకు కనిపిస్తూనే ఉంది. ఆ ఇంట్లో ఆవిడా, ఆవిడ మొగుడూ తప్ప ఇంకో మనిషి లేదు. ఇద్దరికీ డెబ్బై దాటాయి. మరి మీ మడిని ఎవరు దాటారు వదినా అని అడిగాను. ఆవిడ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "మాది గాలికి వచ్చినాది" అంది.

చూశారా న్యాయం! ఆవిడ మొక్కలకి గాలి, మా మొక్కలకి కోడలు. నేను లేవలేను కాబట్టి సరిపోయింది గానీ, కాలు బాగుండి ఉంటే ఏం చేసేదాన్నో. కోడలు మాత్రం గొంతు పెంచలేదు. చేతిలో ఆకు కింద పడేసి, పమిటకి చేతులు తుడుచుకుని, అత్త వైపు చూసి అంది.

"నా సెయ్యి మూడ్రోజులు పడకపోతే నెలంతా పడదత్తా. ఇయాల్టి నుంచి నాను మడిలోకి దిగను."

దిగలేదు. మిగతా ఇంటి పనంతా ఎప్పటిలాగే చేసింది. అత్తకి మోకాళ్ళకి కాపడం పెట్టింది, నా కట్టు మార్చింది. మడి వైపు మాత్రం చూడలేదు. అప్ప రెండ్రోజులు పంతానికి తనే వంగి కలుపు తీయబోయి, మూడో రోజు లేవలేకపోయింది. తుంగ మొలిచి మిరపని మింగేసింది. అప్ప కొడుక్కి ఫోను చేసి చెప్పుకుంటే, వాడు ఎక్కడో ఘాట్ రోడ్డు మీద నుంచి, అమ్మా మీ ఆడవాళ్ళ గొడవల్లో నన్ను పెట్టకండి అన్నాడు. తన భార్యని వీధిలో తిప్పుతుంటే అది ఆడవాళ్ళ గొడవ! లారీకి రంగులు వేయించడానికి మూడు ఊళ్ళు తిరిగినవాడు, పెరట్లో నాలుగు అడుగుల దారి కోసం ఒక మాట ఖర్చు పెట్టలేకపోయాడు. కార్తీకం చివర అప్ప కూలిమనిషిని పిలిచి మడంతా పీకించేసింది. పీకిన మొక్కలు పెంట మీద పడి ఉంటే, అటు చూడకుండా లోపలికెళ్ళి పడుకుంది. ఆ రోజు మాత్రం అప్పని చూసి జాలేసింది.

ఆ వారమే కోడలు సాలూరు సంతకెళ్ళి మిరపనారు కట్ట ఒకటి కొనుక్కొచ్చింది. ఖాళీ బియ్యం సంచుల్లో, మొగుడు పారేసిన అరిగిపోయిన లారీ టైరులో మట్టి నింపి, వీధి గుమ్మం పక్కన, మెట్లకి ఆనించి నాటింది. పెరట్లో కాదు. నలుగురూ నడిచే వీధిలో. నెలలో అన్ని రోజులూ నీళ్ళు పోసింది. సబ్బుపెట్టె పట్టుకుని సందు తిరగబోయే ముందు ఆగి, చెంబుతో నీళ్ళు పోసి మరీ వెళ్ళేదట. టీకొట్టు వాళ్ళు చూస్తే చూడనిచ్చింది. అప్ప ఆ మొక్కల పక్కనుంచి నడిచేటప్పుడు మొహం అటు తిప్పుకునేదట. మార్గశిరంలో నేను శ్రీకాకుళం వచ్చేశాక కోడలు ఒకనాడు ఫోను చేసి, "నా మొక్కలకీ ముడత వచ్చీసింది సిన్నత్తా" అంది. ఇక అప్పకీ, పక్కింటావిడకీ పండగే అనుకున్నాను. ఆ పిల్ల గొంతులో మాత్రం బెదురు లేదు. మొక్కన్నాక తెగులొస్తుంది, రెండు సంచులు పీకేశాను, మిగతా వాటికి సబ్బునీళ్ళలో వేపనూనె కలిపి కొడుతున్నాను అని చెప్పింది. అంతే. ఎవరినీ దోషిని చెయ్యలేదు. తన పెద్దలు ఆ పాటి చెయ్యలేకపోయారు.

మాఘంలో చేతికర్ర ఊతంతో అప్పని చూడ్డానికి వెళ్ళాను. గుమ్మంలో టైరు నిండా మొక్కలు గుబురుగా కాసి ఉన్నాయి. కాయలు నిగనిగలాడుతున్నాయి, అక్కడక్కడ ఒకటి ఎర్రబడుతోంది. అప్ప వంటింట్లో మాత్రం కొట్లో కొన్న మిరపకాయలు, వడలిపోయినవి. గుమ్మంలో కాస్తుంటే కొట్లో కొనడమేమిటని అడిగితే, పోపు మాడిపోతోందని కేకేసి మాట తప్పించింది. మర్నాడు పొద్దున్న మేమిద్దరం వీధి అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాం. పక్కింటావిడ గిన్నె పట్టుకుని వచ్చింది. వంకాయ కూరలోకి కాయలు లేవట. మొక్కల ముందు వంగి, ఎవరినీ అడక్కుండానే కోయడం మొదలెట్టింది. అదే సమయానికి కోడలు సబ్బుపెట్టె, తువ్వాలు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"కోసుకో పెద్దత్తా. కానీ సెప్తన్నాను, నాను దూరం ఉన్నాను. నిన్నా ఇయాలా నానే నీళ్ళు పోసినాను."

ముసలావిడ చెయ్యి కాయ మీదే ఆగిపోయింది. గిన్నెలోకి చూసింది. గిన్నె సగం నిండింది. కొట్లో మిరపకాయల ధర ఆవిడకీ తెలుసు.

"పోన్లే, కడిగీసుకుంటే సరిపోద్ది" అంది, అని ఇంకో నాలుగు కోసింది.

కోడలు ఒక్క క్షణం ఆవిడ వైపు చూసింది. తర్వాత మా అప్ప వైపు చూసింది. "అయితే నానూ కడుక్కోడానికే ఎల్తన్నానత్తా" అంది. వీధిలోకి దిగలేదు. వెనక్కి తిరిగి, ఇంట్లోంచి నడిచి, వసారా దాటి, పెరట్లోకి దిగి, ఖాళీ మడి గట్టు మీదుగా స్నానాల గదికి వెళ్ళిపోయింది. గది తలుపు గొళ్ళెం పడిన చప్పుడు మాకు వీధి దాకా వినపడింది. నేను అప్ప మొహం చూశాను. చిక్కుడుకాయ ఒలుస్తూనే ఉంది. గింజలు తొక్కల గిన్నెలో, తొక్కలు గింజల గిన్నెలో వేస్తోంది. పక్కింటావిడ మిరపకాయల మీద కొంగు కప్పుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజు తర్వాత కోడలు సందు తిరగలేదు. తర్వాతి ఆషాఢంలో పెరట్లో మళ్ళీ మడి కట్టారు, ఆ పిల్లే కట్టింది. అన్ని రోజులూ అదే గట్టు మీద నడిచింది. తప్పయిందని మాత్రం ఆ ఇంట్లో ఎవరూ ఆమెతో అనలేదు. అప్ప అనలేదు, లారీ నడిపే కొడుకు అనలేదు, పక్కింటావిడ సంగతి చెప్పనే అక్కర్లేదు. పైగా అప్ప ఇప్పుడు వచ్చినవాళ్ళందరితోనూ, కాలం మారిపోనాదమ్మా, మా ఇంట్ల అవేటీ లేవు అంటుంది, తనే దగ్గరుండి మార్చినట్టు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ కోపమొస్తుంది. కాలం ఆ ఇంట్లో తరతరాలుగా పీట వేసుకుని కూర్చునే ఉంది. లేచి నడిచింది ఆ పిల్ల.