మైకులో ఆటిజం పాఠం

ఈరోజు మహబూబ్‌నగర్‌లో టీచర్లమైన మాకు ఆటిజం పిల్లలతో ఎలా మెలగాలో శిక్షణ ఇచ్చారు. మాలో చాలామంది ఆ మాట వినడమే మొదటిసారి. హైదరాబాదు నుంచి వచ్చిన నిపుణుడు, మాకు చూపించడానికని సల్మా అనే పాపనూ ఆమె తల్లినీ వేదికపై కూర్చోబెట్టాడు.

"ఈ పిల్లలు పెద్ద శబ్దాలను భరించలేరు" అని మైకులో గర్జించాడు.

సల్మా చెవులు మూసుకుని ఏడ్చింది.

"సారూ, జర మైకు బంద్ చేయుండ్రి. పిల్ల గాబరా పడుతాంది" అని తల్లి బతిమాలింది.

"చూశారా, ఇదే లక్షణం. రాసుకోండి" అన్నాడాయన మాతో.

అందరూ బుద్ధిగా రాసుకున్నారు. నేను లేచి వెళ్లి మైకు తీగ పీకేశాను. క్రమశిక్షణ లేదని నన్ను బయటికి పొమ్మన్నాడు. సల్మా, ఆమె తల్లి కూడా నా వెంటే వచ్చేశారు.

పిల్ల లేకుండానే పాఠం సాయంత్రం దాకా సాగిందట. ఆ టీచర్ల చేతికి మీ పిల్లను అప్పగిస్తారా?